డిమెన్షియా ఉన్న అమ్మను చూసుకుంటున్నాను, ఓపిక పెంచుకోవడం ఎలా?

ఒక్కదాన్నే చూసుకుంటున్నాను, అమ్మ మీద విసుక్కుంటున్నాను, ఓపిక పెరిగే మార్గం చెప్పమన్నారు. రాత్రుళ్లు నిద్ర లేనివాళ్లకి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మీకు కావలసింది మీ బదులు కూర్చునే ఇంకో మనిషి.

మా అత్తయ్యకి అల్జైమర్స్, అదీ డిమెన్షియాలో ఒక రకమే. పొద్దు వాలితే చాలు, బట్టలు మూటగట్టుకుని "మా ఇంటికి పోతా" అంటూ గుమ్మం దగ్గర నిలబడేవారు. దీన్ని సన్‌డౌనింగ్ అంటారు డాక్టర్లు. బీరువా తాళాలు దిండు గలీబులో దాచేసి, కోడలు కాజేసిందని కూతురికి ఫోన్లో చెప్పేవారు. ఆవిడ నమ్మేది కూడా!

ఓసారి ఆ ఆడపడుచే చూడ్డానికొచ్చింది. కూతురు కనబడగానే అత్తయ్య తల దువ్వుకుని, కుదురుగా కూర్చుని, ఎప్పటివో ముచ్చట్లు చెప్పి నవ్వించారు. "అమ్మ బాగానే ఉందిగా వదినా, నువ్వే అనవసరంగా కంగారు పడుతున్నావేమో" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ జబ్బులో పొద్దున జరిగింది గుర్తుండకపోయినా చిన్ననాటి సంగతులు చాలాకాలం నిలుస్తాయి, పైగా ఎవరైనా వస్తే కాసేపు ఎలాగో కూడదీసుకుంటారు. ఆ కాసేపు చూసి పోయేవాళ్లే మనకి తీర్పులు చెప్పేది.

ఆ రాత్రి ఆవిణ్ణి అత్తయ్య గదిలో పడుకోమని, నేను మేడ మీద తలుపేసుకున్నాను. పొద్దున దిగొచ్చేసరికి ఆడపడుచు కళ్లు ఎర్రగా ఉన్నాయి, బట్టల మూట ఆవిడ ఒళ్లో ఉంది. నడిరాత్రి అత్తయ్య లేచి "ఎవరమ్మా నువ్వు, నా గదిలో ఎందుకున్నావ్" అని అడిగారట. నాకు క్షమాపణలేమీ చెప్పలేదు గానీ, "వచ్చే నెల ఓ వారం నేనుంటాలే, నువ్వెటైనా వెళ్లిరా" అంది. నిజంగానే వచ్చింది.

ఇక ధ్యానం చెయ్యండి, పెద్దవాళ్ల సేవ పుణ్యం అనేవాళ్లున్నారు చూడండి! డిమెన్షియా ఉన్నవాళ్లకి ఇంటివాళ్లు చేసే సేవలో 70 శాతం గంటలు ఆడవాళ్లవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ లెక్కన పుణ్యం మా ఖాతాల్లో బాగానే పోగుపడి ఉండాలి.

ఇంకో మాట. మీ అమ్మగారు ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే బాగా తికమక పడుతుంటే, జబ్బు ముదిరిందని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లు అలాగే అయిపోతారు, వెంటనే డాక్టరుకి చూపించాలి. మీకే ఏడుపు ఆగకపోయినా, చెయ్యి చేసుకుంటానేమోనని భయమేసినా, ఆ డాక్టరు దగ్గరే మీ సంగతి కూడా చెప్పండి. చూసుకునేవాళ్ల భారం అంచనా వెయ్యడానికి జారిట్ స్కేలని 22 ప్రశ్నల పత్రం ఒకటుంది, అడిగి నింపండి. ఆ ఫలితం తోబుట్టువులకి పంపండి. మనం నోటితో చెబితే కంగారంటారు గానీ, కాగితం మీద అంకె కనబడితే వింటారు. "వీలైతే రా" అనొద్దు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని చెప్పెయ్యండి.