కప్పు గెలిచింది, పట్టికలో రెండోది: హైదరాబాద్ ఎఫ్‌సీపై పాఠకుల ప్రశ్నలు

ప్ర: 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) చాంపియన్ అన్నారు. ఆ ఏటి పాయింట్ల పట్టిక తీస్తే రెండో స్థానంలో ఉంది. ఏది నమ్మాలి? (ఖమ్మం పాఠకుడు)

జ: రెండూ నిజమే. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో ఒక సీజన్‌కు రెండు ట్రోఫీలు ఉండేవి. లీగ్ మ్యాచ్‌లన్నీ ముగిశాక పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు షీల్డ్ ఇచ్చేవారు. ఆ తర్వాత పై స్థానాల్లోని జట్ల మధ్య జరిగే నాకౌట్‌లో గెలిచిన జట్టుకు కప్పు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. 2021-22లో జంషెడ్‌పూర్ 20 మ్యాచ్‌ల్లో 43 పాయింట్లు తెచ్చుకుని షీల్డ్ అందుకుంది. హైదరాబాద్ 11 గెలిచి, 5 డ్రా చేసుకుని 38 దగ్గర ఆగింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన షాట్ స్కోరు సమం చేసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గుర్ని ఆపాడు. 3-1తో కప్పు మనదైంది. కొవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, కప్పు తెచ్చిన జట్టు ఆటను ఆ ఏడు మన గచ్చిబౌలి స్టేడియంలో ఒక్కరోజు కూడా చూడలేకపోయాం. అభిమానులకు ఆ లోటు ఎప్పటికీ తీరేది కాదు.

ప్ర: రెండు జట్లకు పాయింట్లు సమానమైతే? (గుంటూరు)

జ: చాలామంది వెంటనే మొత్తం గోల్స్ తేడా చూస్తారు. ఐఎస్‌ఎల్‌లో ముందు ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌ల ఫలితాలు చూస్తారు. అక్కడా తేలకపోతేనే మొత్తం గోల్స్ తేడా.

ప్ర: క్లబ్ ఎలా పుట్టింది? మొదటి నుంచీ బలమైన జట్టేనా? (నిజామాబాద్)

జ: కాదు. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడ్డాక ఆ స్థానంలో వచ్చింది. తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలుపులు, 10 పాయింట్లు, పదిలో పదో స్థానం. మరుసటి ఏడు స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. 20 మ్యాచ్‌ల్లో ఓడినవి మూడే, కానీ 11 డ్రాలు. చివరి మ్యాచ్‌లో గోవాను ఓడిస్తే నాలుగో స్థానం దక్కేది. 0-0తో ముగిసి, 29 పాయింట్లతో ఐదో స్థానంలో మిగిలింది. ఓడకపోతే చాలదు, గెలవాలని ఆ పట్టిక నేర్పింది. తర్వాతి ఏడే, అంటే కప్పు గెలిచిన 2021-22లో, నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022-23లో 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం.

ప్ర: అంతటి జట్టు ఏడాదికే అడుగుకు ఎలా పడింది? (హనుమకొండ)

జ: ఆట తెలియక పడలేదు, జీతాలు అందక పడింది. ఫిఫా నిబంధన ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. బాకీ తీర్చమన్న తీర్పును క్లబ్ పాటించకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. అసలు దెబ్బ ఈ రెండూ కలిసినప్పుడే: ఉన్నవాళ్లు వెళ్లిపోతారు, వారి చోట ఎవర్నీ తీసుకోవడానికి వీలుండదు. హైదరాబాద్‌కు జరిగింది ఇదే. మార్కెజ్, ఒగ్బెచే 2023లోనే వెళ్లారు; 2024 జనవరి నాటికి మిగతా సీనియర్లూ చాలామంది తప్పుకున్నారు. విదేశీయుల్లో జొవావో విక్టర్ మాత్రం నిలబడ్డాడు. కుర్రాళ్లే బరిలోకి దిగారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పన్నెండులో పన్నెండో స్థానం. ఆ పిల్లలను తప్పుపట్టడం అన్యాయం. చెన్నైయిన్‌పై వచ్చిన ఆ ఒక్క గెలుపు వారి కష్టమే.

ప్ర: మరి కింది లీగ్‌కు ఎందుకు పంపలేదు? (విజయవాడ)

జ: అప్పట్లో ఐఎస్‌ఎల్ నుంచి కిందికి దింపే నిబంధన అమల్లో లేదు. 2022-23 నుంచి రెండో అంచె పోటీ అయిన ఐ-లీగ్ విజేతను పైకి తేవడం మాత్రం మొదలైంది.

ప్ర: ఇప్పుడు క్లబ్ ఎక్కడుంది? మనకిక ఫుట్‌బాల్ లేనట్టేనా? (సికింద్రాబాద్)

జ: 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2024-25లో 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు, పదమూడులో పన్నెండో స్థానం. 2025లో క్లబ్‌ను ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. కాబట్టి పాత పట్టికల్లో వెతికేటప్పుడు హైదరాబాద్ పేరుతో, ఆ తర్వాతివి ఢిల్లీ పేరుతో చూడండి.

ఫుట్‌బాల్ లేకేం? 1950 నుంచి 54 దాకా రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది. నేటి జట్టు కావాలంటే శ్రీనిధి దక్కన్‌ను గమనించండి. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండుసార్లూ రెండో స్థానం. రెండోసారి మహమ్మదన్ స్పోర్టింగ్‌కు 52, శ్రీనిధికి 48. ఐఎస్‌ఎల్‌కు వెళ్లేది విజేత ఒక్కరే కాబట్టి ఆ 4 పాయింట్లే అడ్డుపడ్డాయి.