మేనేజరు "మీరు" అంటాడా?

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. 1912, సైబీరియా, లేనా బంగారు గనుల సమ్మె. మంచి సరుకే పట్టావు. కానీ మేనేజరూ కూలీ ఒకరినొకరు "మీరు" అనుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు పుస్తకాలు చూసి రాశావని అక్కడే దొరికిపోయావు. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకటే "యూ". రష్యన్‌లో మనకున్నట్టే రెండున్నాయి: "తి" అంటే నువ్వు, "వి" అంటే మీరు.

కుళ్ళిన మాంసం దగ్గర మొదలైన గొడవ అది. కూలి పెంచాలి, ఎనిమిది గంటల పని కావాలి అన్నారు. ఆ కోరికల్లోనే మమ్మల్ని "మీరు" అని పిలవాలని కూడా రాశారు. ఏప్రిల్‌లో సైన్యం వాళ్ళ మీద కాల్పులు జరిపింది. మాంసం గురించి రెండు పేజీలు రాశావు, ఈ కోరికను వదిలేశావేం? కథ ఉన్నదే అక్కడ. ఐదేళ్ళకు, 1917 మార్చిలో, పెట్రోగ్రాడ్ సోవియట్ (కార్మికుల, సిపాయిల ప్రతినిధుల సభ) ఇచ్చిన ఒకటో నంబరు ఉత్తర్వు కూడా అధికారులు సిపాయిలను "నువ్వు" అనకూడదంది.

ఇంకోటి. పైవాళ్ళందరికీ "దొర" అని అంటించావు. ఆ మాట వింటే మన పాఠకుడికి గడీ, వెట్టి గుర్తొస్తాయి, సైబీరియా కాదు. పీటర్ చక్రవర్తి 1722లో కొలువులను 14 మెట్లు చేశాడు, మెట్టును బట్టి పిలుపు మారేది. తొమ్మిదో మెట్టు గుమాస్తాను పిలిచినట్టు జనరల్‌ను పిలిస్తే కొంప మునిగేది. రైతు నోట మాత్రం "బారిన్" (అయ్యగారు) అనే ఉంచు. (నన్ను చూసి నవ్వకు, కుర్రతనంలో మాస్కో ప్రగతి ప్రచురణల వాళ్ళ తెలుగు అనువాదాలు చదువుతూ "కులక్" అంటే ఎవరిదో ఇంటిపేరనుకున్నాను, తీరా చూస్తే కలిగిన రైతట.)

రెండో భాగంలో, విప్లవం తర్వాత, అందరూ "కామ్రేడ్" అయ్యేసరికి హెచ్చుతగ్గులు మాయమయ్యాయి. అంత సులువా? పార్టీ పెద్ద కింది ఉద్యోగిని "నువ్వు" అనేవాడు. ఆ ఉద్యోగి తండ్రి పేరు కూడా కలిపి పెద్దాయన్ని పిలిచి, "మీరు" అని బదులిచ్చేవాడు. పట్నంవాళ్ళకు 1932 నుంచి పాస్‌పోర్టులిచ్చారు, విదేశాలకు కాదు, దేశం లోపల తిరగడానికే. అందరికీ ఇవ్వాలన్న నిర్ణయం 1974లో గానీ రాలేదు. అందాకా చాలామంది కల్ఖోజ్ (సమష్టి వ్యవసాయ క్షేత్రం) రైతులు ఊరు దాటాలంటే గ్రామ సోవియట్ ఇచ్చే చీటీ ఉండాల్సిందే. నీ కథలో మనవడు టికెట్ కొని మాస్కో రైలెక్కేశాడు. ముందు ఆ చీటీ కోసం వాణ్ణి ఓ పూట గుమ్మం దగ్గర నిలబెట్టు.

మేనేజరు సీను తిరగరాసి పంపు. కూలీని వాడు ఇవాన్ అనడు, చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు చులకనగా "వాన్కా" అంటాడు. ఆ కూలీకి యాభై ఏళ్ళుంటే మరీ మంచిది.

మీ అన్న