ఏఐ అని ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన ఏఐ కాదు

‘ఏఐ అంటే అసలు అర్థం ఏమిటి, ఏయే సందర్భాల్లో వాడాలి?’ అని అడిగారు. అర్థం పేపర్లో రోజూ వస్తూనే ఉంది, ‘కృత్రిమ మేధ’ అని. కృత్రిమ కొరత లాంటి మాటలు వింటూ పెరిగినవాళ్లకు ఆ పేరు కొంచెం అనుమానంగానే వినిపిస్తుంది. అయినా నా బాధ అనువాదం గురించి కాదు, వాడకం గురించి.

జూన్‌లో మా అక్క కొడుకు డిగ్రీ అయిపోయి మిర్యాలగూడ నుంచి వచ్చాడు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ‘ఏఐ కోర్సు’కి 5 వేలు అడ్వాన్స్ కట్టేశాడు. అక్క పాల డబ్బుల్లో మిగిల్చి పంపిన సొమ్ము అది. డెమో క్లాసుకి నన్నూ తోడు రమ్మన్నాడు. మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికే చేతిలో నాలుగు పాంప్లెట్లు, నాలుగింటి మీదా ఏఐ. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నది ఈ సందుల్లోనే. నాకు అన్నం పెట్టిన చోటు. అందుకే కోపం ఎక్కువ వస్తుంది.

డెమోలో సార్ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రాం రాశారు. మార్కులు 35 లేదా అంతకంటే ఎక్కువైతే పాస్, లేకపోతే ఫెయిల్. ‘చూశారా, మెషీనే డెసిషన్ తీసుకుంది, ఇదే ఏఐ’ అన్నారు. మావాడు నా చెవిలో, ‘మామా, గిది మాకు ఫస్టియర్‌లనే చెప్పిండ్రు’ అన్నాడు. 35 దగ్గర గీత గీసింది మనిషి. మెషీన్ నేర్చుకున్నది ఏమీ లేదు. అడ్వాన్స్ అడిగితే తిరిగి ఇవ్వం అన్నారు.

ఏఐ అనే ఈ పేరు 1955లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ, ఆయన సహచరులు రాసిన ఒక పరిశోధన ప్రతిపాదనలో వచ్చింది. మనుషులు రాసిపెట్టిన రూల్స్‌తో నడిచేవాటినీ ఒకప్పుడు ఏఐ అన్నారు, ఒప్పుకుంటాను. కానీ 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఫీజు కడుతున్న పిల్లలు ఆశపడేది ఉదాహరణలు చూసి నేర్చుకునే యంత్రం గురించి. కాబట్టి కోర్సు అయినా వాషింగ్ మెషీన్ అయినా, ‘ఇది దేన్ని చూసి నేర్చుకుంది?’ అని అడగండి. జవాబు రాకపోతే దానికి ఆ మాట వాడొద్దు.

మావాడు ఇప్పుడు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వింటున్నాడు. పోయిన ఆదివారం, చేత్తో రాసిన అంకెల బొమ్మలు 60 వేలు చూపించి ఒక ప్రోగ్రాంకి అంకెలు నేర్పాడు. తర్వాత అక్క రాసుకునే పాల లెక్కల కాగితం ఫొటో తెప్పించి ఒక్కో అంకే దానికి ఇచ్చాడు. రెండు, మూడు, ఏడు కరెక్టుగా చెప్పింది. అక్క రాసిన నాలుగుని మాత్రం తొమ్మిది అంది. వాడు అన్నం కూడా తినకుండా మళ్లీ దాని ముందు కూర్చున్నాడు.