కానా పెళ్లి మాట ఎత్తి మా ఆయన నా నోరు మూయిస్తున్నాడు

ప్రశ్న: మాది హన్మకొండ, బాప్టిస్టు కుటుంబం. మా ఆయనది కాజీపేట, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్). శనివారం రాత్రి ఇంట్లో రెండు పెగ్గులు వేసుకుంటాడు, ఊళ్లో దావత్ అయితే కల్లు. గొడవ చేయడు, జీతం తగలెయ్యడు. పాపం కదా అంటే కానా ఊరి పెళ్లిలో యేసు ప్రభువే నీళ్లను ద్రాక్షారసం చేశాడు అంటాడు. ఆ వాసనకు నేను పాపను తీసుకుని హాల్లో పడుకుంటున్నా. మా నాన్న తాగుడుతోనే లివర్ చెడి పోయాడు. మితంగా తాగితే తప్పు లేదా? మా పాస్టర్‌గారితో చెప్పించాలా?

జవాబు: అమ్మా, ముందు వాక్యం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీరిద్దరూ దాన్ని పట్టుకునే కొట్లాడుకుంటున్నారు. ఒక్క చుక్క తాగినా పాపమే అని బైబిల్లో ఎక్కడా లేదు. కానా పెళ్లి యోహాను సువార్త రెండో అధ్యాయంలో ఉన్నదే, కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిందీ నిజమే. మత్తు మాత్రం వద్దని ఎఫెసీ 5:18 గట్టిగానే చెప్తుంది. మీ ఆయన పెరిగిన చర్చిలో పూజలోనే ద్రాక్షారసం వాడతారు, అతిగా తాగడాన్నే తప్పు పడతారు. మీ బాప్టిస్టు చర్చిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, రసం పంచుకునే ఆరాధనకు, ఇచ్చేది పులియని ద్రాక్షరసం. ఆ రసాన్ని పులియకుండా వేడిచేసి నిల్వ ఉంచే పద్ధతి 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు తెచ్చాడు, అంతకుముందు ఎక్కువ సంఘాల్లో బల్ల మీద ఉన్నది పులిసిన ద్రాక్షారసమే. అట్లని అసలు తాగకూడదన్న మీ పెద్దల కట్టుబాటును నేను చిన్నచూపు చూడను. తాగుడుకు ఇళ్లు కూలిపోవడం కళ్లారా చూసి పెట్టుకున్న కట్టుబాటు అది. దాన్ని మీరు పాటించండి, కానీ దేవుని ఆజ్ఞ అని మీ ఆయన నెత్తిన పెట్టకండి.

మీ ఆయన కూడా తనకు పనికొచ్చే వచనమే చదివాడు. నీ సహోదరుడికి అడ్డమయ్యేదైతే మాంసమైనా, ద్రాక్షారసమైనా మానెయ్యడమే మంచిదని అదే పౌలు రోమా 14:21లో అన్నాడు. తాగే స్వేచ్ఛ నాకుంది అనేవాడికి పక్క మనిషి కోసం దాన్ని వదులుకునే బాధ్యత కూడా ఉంటుంది, ఆ పక్క మనిషి వేరే ఎవరో కాదు, పాపను ఎత్తుకుని హాల్లోకి పోతున్న మీరే.

మీ నాన్నగారి గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకైతే మొత్తం గొడవ అక్కడే ఉందనిపిస్తోంది. మీ ఆయన గ్లాసు పట్టుకుంటే మీకు కనిపించేది ఆయన కాదు, మీ నాన్న. ఈ సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? పాపం అంటే ఆయన వాదిస్తాడు, భయమేస్తోంది అంటే వాదించడానికి ఏమీ ఉండదు. శనివారం రాత్రి మాత్రం ఎత్తకండి, ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, పాప పడుకున్నాక, తిట్టకుండా, ఏడుపొస్తే ఏడుస్తూనే చెప్పండి. తర్వాత ఒకటే అడగండి, మూడు నెలలు పూర్తిగా ఆపమని. నిజంగా మితమే అయితే ఆయనకు అది పెద్ద కష్టం కాదు. శనివారం రాగానే చిరాకు పడ్డా, దాచుకుని తాగినా, రెండు పెగ్గులు నాలుగైనా అది మితం దాటినట్టే, కానా పెళ్లి పేరు చెప్పినా దాటినట్టే. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌కు చూపించండి. ఎప్పుడైనా రోజూ తాగే దాకా వస్తే మాత్రం ఒక్కసారిగా ఆపించకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పినట్టే ఆపాలి.

కల్లు సంగతి కూడా చెప్పండి. చెట్టు కల్లు కదా, ఏం కాదు అంటారు గానీ, మన తెలంగాణలో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది, అందులో ఏముందో తాగేవాడికి తెలియదు. ఆరోగ్యం కోసం కొంచెం మంచిదే అనే మాటా నమ్మకండి, ఇంత తాగితే ప్రమాదం లేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2023లో చెప్పింది.

పాస్టర్‌గారితో చెప్పించడం ఇప్పుడే వద్దు. అత్తగారి వైపు చర్చి తన మీద పంచాయితీ పెట్టిందని అనుకుంటే మీ ఆయన మీ మాట కూడా వినడు. పెద్దమనిషి కావాలనిపిస్తే ఆయన చర్చి ఫాదర్‌గారి దగ్గరికే ఇద్దరూ కలిసి వెళ్లండి, మీ నాన్నగారి సంగతి అక్కడ మీరే చెప్పండి.