గిన్నె దగ్గర కాసేపు కూర్చో

అమ్మడూ,

కుక్కపిల్లనీ పిల్లినీ ఒకే నెలలో ఇంటికి తెచ్చుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు అడిగింది ఒక్కటే: "అత్తా, వీటికి ట్రీట్లు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?" ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఏదో ఒక నోరులేని జీవం తిరుగుతూనే ఉంది కాబట్టి తెలిసినంత రాస్తాను. కానీ ట్రీట్ల డబ్బా కొనేముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది.

ఒక వారం రోజులు వాటికి తిండి పెట్టాక అక్కడే కూర్చో. ఫోన్ పక్కన పెట్టేసి ఊరికే చూడు. కుక్కపిల్ల ఎంతసేపట్లో గిన్నె ఖాళీ చేస్తోంది? ఏ వైపు పళ్లతో నములుతోంది? పిల్లి ఒకేసారి తింటోందా, నాలుగు డ్రై ఫుడ్ గింజలు తిని వెళ్లి మళ్లీ వస్తోందా? పిల్లులు చాలావరకు అలా కొంచెం కొంచెంగానే తింటాయి. ఇప్పుడు వాటి అలవాటు నీ కళ్లకు పడితే, రేపు ఏ చిన్న మార్పు వచ్చినా నీకే ముందు తెలుస్తుంది. మా పాత పిల్లి ఒకసారి తల ఒక పక్కకు వంచి తినడం, గింజలు నోట్లోంచి జారవిడవడం మొదలుపెట్టింది. ఆకలి మామూలుగానే ఉంది, బరువూ తగ్గలేదు. వెట్‌కి చూపిస్తే ఒక పన్ను పాడై చిగుళ్లు వాచాయన్నారు. రోజూ దాని పక్కన కూర్చునే అలవాటు లేకపోతే నేను గమనించేదాన్నే కాదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను, మర్చిపోకు. పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోతే రేపు చూద్దాంలే అనుకోవద్దు, వెట్‌కి ఫోన్ చెయ్యి. రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇక ఎంత పెట్టాలన్నది. రోజు మొత్తం తిండిలో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు. నీ కుక్కకు రోజుకు 500 కేలరీలు కావాలనుకో, ట్రీట్లకు 50 మాత్రమే. ఆ 50నీ మామూలు తిండిలోంచి తగ్గించాలి, పైన కలపకూడదు. నాలుగు కిలోల పిల్లికైతే రోజంతా కలిపి దాదాపు 200 కేలరీలు చాలు, అంటే ట్రీట్లకు మిగిలేది 20. మనకు అవి చిన్న ముక్కల్లా కనిపిస్తాయి, వాటి శరీరాలకు మాత్రం చిన్నవి కావు. 100 గ్రాముల క్యారెట్‌లో 40 కేలరీలు ఉంటే, 10 గ్రాముల చీజ్ ముక్కలోనే అన్ని ఉంటాయి.

ఈ లెక్క నాకు మొదట్లో తెలియదు. మా మొదటి కుక్క పన్నెండు కిలోలు ఉండాల్సింది పదిహేడుకు చేరింది. ఏడో ఏడు వచ్చేసరికి మెట్లెక్కలేక కింద నిలబడి మా వైపు చూసేది. అసలు దానికి ఏమేం పెడుతున్నారో అందరూ ఒక కాగితం మీద రాయండి అన్నారు వెట్. రాశాం. నలుగురం, ఎవరికి వాళ్లం, రోజుకు మూడేసి బిస్కెట్లు పెడుతున్నాం. ఎవరికీ ఎవరి లెక్కా తెలియదు, అందరిదీ ప్రేమే. ఆ కాగితం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. పొద్దున్నే ఆ రోజు ట్రీట్లన్నీ ఒక చిన్న డబ్బాలో వేస్తాం. ఎవరు పెట్టాలన్నా అందులోంచే తియ్యాలి. ఖాళీ అయిందంటే మళ్లీ రేపే. అయిదు నెలలకు అది మెట్లెక్కింది. నువ్వు మొదటి రోజు నుంచే ఆ డబ్బా పెట్టు.

ముక్కలు బఠానీ గింజంత చాలు. పెద్ద ముక్క ఒకటి ఇచ్చి ఊరుకోవడం కంటే, అదే ముక్కను పది చేసి పదిసార్లు ఇస్తే కుక్కకు పది పండగలు. కూర్చో అంటే కూర్చున్నందుకు ఒకటి, పిలిస్తే వచ్చినందుకు ఒకటి, గోళ్లు కత్తిరించనిచ్చినందుకు ఒకటి.

కుక్కకు క్యారెట్, ఉడికించిన బీన్స్, ఉడికించిన గుమ్మడికాయ, గింజలు తీసేసిన యాపిల్ ముక్కలు, బ్లూబెర్రీలు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు ఇవ్వచ్చు. కొత్తది ఏదైనా ఒకటే మొదలుపెట్టి రెండు రోజులు చూడు, కడుపుకు పడకపోతే కారణం ఏదో వెంటనే తెలుస్తుంది. పిల్లి సంగతి వేరు. అది మాంసం మీదే బతికే జీవి, కూరగాయలతో దానికి పెద్దగా పని లేదు. ఉడికిన చికెన్ పీచులు, చిన్న చేప ముక్క, అంతే. దానికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పనిచెయ్యదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఐస్‌క్రీమ్ కోసం మీదికి దూకుతోందంటే అందులో కొవ్వు కోసమే. పాలు కూడా వద్దు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి.

పెట్టకూడనివి వంటింట్లో గోడకు రాసి అంటించు. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, మకడమియా గింజలు, ఉడికిన ఎముకలు, మద్యం. ద్రాక్ష కొద్దిగా తిన్నా కొన్ని కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, పిల్లులకు ఇంకా ప్రమాదం. వీటి పొడి కలిసినా అంతే, అందుకే మన పళ్లెంలో మిగిలినది వాటి గిన్నెలో వెయ్యకు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలో, కొన్ని పీనట్ బటర్‌లలో జైలిటాల్ అనే పదార్థం ఉంటుంది. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. లేబుల్ చదవకుండా ఏదీ పెట్టకు. పొరపాటున తినేస్తే టెన్షన్‌లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చెయ్యకు. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది చెప్పి వెట్ చెప్పినట్టు చెయ్యి.

నీ కుక్కపిల్ల ఆవురావురుమని మింగేస్తోందని రాశావు. గట్లు గట్లుగా ఉండే గిన్నె దొరుకుతుంది, అందులో పెడితే నిదానిస్తుంది. లేదంటే ఒక పాత తువ్వాలు పరిచి గింజలు చల్లి, వదులుగా చుట్టి ఇవ్వు. ముక్కుతో విప్పుకుంటూ పావుగంట తింటుంది, తర్వాత హాయిగా పడుకుంటుంది. అది పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్క అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎప్పుడైనా పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇవన్నీ జాగ్రత్తలు. నాకు ఎక్కువ ఇష్టమైనవి వాటి చేష్టలు. ఇప్పుడున్న మా కుక్క గిన్నెలోంచి నోటినిండా గింజలు తెచ్చి నా కాళ్ల దగ్గర పోసుకుని, ఒక్కొక్కటే నములుతుంది. ఒంటరిగా తినడం దానికి నచ్చదు. నేను వంటింట్లో ఉంటే అక్కడ, వరండాలో ఉంటే అక్కడ. డబ్బా మూత చప్పుడు వినగానే చొంగ కారుస్తుంది. జీర్ణక్రియ మీద పనికి 1904లో నోబెల్ అందుకున్న రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కల్లో చూసింది ఇదే, తిండి నోటికి అందకముందే లాలాజలం ఊరడం. పిల్లి నీళ్లు తాగుతుంటే దగ్గరగా చూడు. నాలుక కొనతో నీటిని అలా తాకి లాగుతుంది, సన్నని ధార పైకి లేస్తుంది, అది పడిపోయేలోపు నోరు మూస్తుంది. సెకనుకు దాదాపు నాలుగుసార్లు! కుక్క నాలుకను వెనక్కి గరిటెలా మడిచి ఎగదోస్తుంది, అందుకే నేలంతా తడి. పిల్లి తిన్న తర్వాత గిన్నె చుట్టూ నేల గీకుతుంటే తిండి నచ్చలేదనుకోకు. మిగిలినది దాచిపెట్టే పాత అలవాటు దాని ఒంట్లో ఇంకా ఉంది.

పిల్లి నీళ్లగిన్నెను తిండిగిన్నెకు దూరంగా, ఇంకో గదిలో పెట్టి చూడు. కొన్ని పిల్లులు అలా ఎక్కువ తాగుతాయంటారు. కుక్కపిల్లకీ పిల్లికీ ఒకేచోట తిండి పెట్టొద్దు, కుక్కపిల్ల పిల్లి వాటా లాగేసుకుంటుంది. పిల్లి గిన్నె ఎత్తు మీద పెడితే సరిపోతుంది.

బాబు కుందేలు కూడా కావాలంటున్నాడన్నావు. దాని తిండిలో ముప్పాతికకు పైగా ఎండుగడ్డే ఉండాలని, క్యారెట్ దానికి ఎప్పుడో ఒక చిన్న ముక్కేనని వాడికి ముందే చెప్పు. మిగతాది అది వచ్చాక రాస్తాను.

వారం గడిచాక ఉత్తరం రాయి. పిల్లి ఏ పూట ఎక్కువ తింటోందో, కుక్కపిల్ల గింజలు ఎవరి కాళ్ల దగ్గరికి మోసుకొస్తోందో తప్పకుండా రాయాలి. 

నీ అత్త