ఒకే ఫారంలో తేదీ క్రోమ్‌లో 05/08, ఫైర్‌ఫాక్స్‌లో 08/05 అని ఎందుకు కనిపిస్తుంది?

మీ కోడ్‌లో తప్పేమీ లేదు. డేట్ రకం ఇన్‌పుట్‌లో, అంటే ఫారంలో తేదీ ఎంచుకునే గడిలో, తేదీ ఏ వరుసలో కనిపించాలో బ్రౌజరే, వాడేవారి భాష, ప్రాంతం సెట్టింగులను బట్టి నిర్ణయిస్తుంది. ఒకే కంప్యూటర్‌లో ఒక బ్రౌజర్ ఇండియా ఇంగ్లిష్‌లోనూ ఇంకోటి అమెరికా ఇంగ్లిష్‌లోనూ ఉంటే ఈ తేడా తప్పదు.

తెర మీద ఎలా కనిపించినా, లోపలి విలువ మాత్రం ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరుసలోనే ఉంటుంది. 2025 ఆగస్టు 5 ఎంచుకుంటే రెండు బ్రౌజర్లూ సర్వర్‌కు పంపేది 2025-08-05 అనే. చాలామంది ఇక్కడే పొరబడతారు: తెర మీద కనిపించిందే సర్వర్‌కు వెళ్తుందనుకుని, అక్కడ రోజు/నెల/సంవత్సరం అని విడగొట్టే కోడ్ రాస్తారు. అది ఏ బ్రౌజర్‌లోనూ పనిచేయదు. ప్లేస్‌హోల్డర్ (గడిలో ముందే చూపే నమూనా రాత) పెట్టినా, పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌తో కుస్తీ పట్టినా ఈ వరుస మారదు.

అందరికీ ఒకేలా కనిపించి తీరాలంటే రోజుకు, నెలకు, సంవత్సరానికి విడివిడి గడులు పెట్టండి. పుట్టిన తేదీకైతే ఎలాగూ అదే నయం, క్యాలెండర్‌లో 1962 దాకా వెనక్కి నొక్కుకుంటూ పోయే ఓపిక ఎవరికుంటుంది?

జావాస్క్రిప్ట్‌లో ఇంకో చిక్కుంది. 2025-08-05 అనే స్ట్రింగును (అక్షరాల రూపంలోని విలువను) నేరుగా డేట్ ఆబ్జెక్టుగా మారిస్తే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా లెక్కవుతుంది, దాంతో ఆ సమయం కంటే వెనక ఉండే అమెరికాలో చూసేవారికి ఆగస్టు 4 కనిపిస్తుంది. స్ట్రింగును స్ట్రింగుగానే దాచుకోండి.