స్నెల్‌ని తీసేయడం తప్పా? నన్నడిగితే తప్పు వేరే చోట ఉంది

బేస్‌బాల్ ఫైనల్ అయిన 2020 వరల్డ్ సిరీస్ ఆరో గేమ్‌లో, డాడ్జర్స్ మీద అంత బాగా వేస్తున్న పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బ్లేక్ స్నెల్‌ని టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ ఎందుకు తీసేశాడు, ఇంట్లో టీవీ చూసేవాళ్లకి అర్థమైంది ఆయనకి అర్థం కాలేదా అని ఒకరు నన్నడిగారు.

ఆ గేమ్ జరిగింది ఆర్లింగ్టన్‌లో, మేముండే ఇర్వింగ్‌కి దగ్గరే. కోవిడ్ రోజులు కదా, ఇంట్లోనే చూశాను. ఆరో ఇన్నింగ్స్, ఒక అవుట్, టాంపా 1-0 ఆధిక్యం. స్నెల్ వేసింది 73 బంతులే. 9 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడం), రెండే హిట్లు (కొట్టి బేస్ చేరడం). రెండోది డాడ్జర్స్ బ్యాటర్ బార్న్స్ అప్పుడే కొట్టాడు. తర్వాత రావాల్సిన బెట్స్, సీగర్, టర్నర్ అప్పటికి తలా రెండుసార్లు వచ్చి, ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. అయినా క్యాష్ పిచర్‌ని మార్చడానికి బయటికి నడిచాడు.

ఆయన లెక్క పిచ్చిదేమీ కాదు. ఒకే పిచర్‌ని మూడోసారి చూసేసరికి బ్యాటర్లకి అతని బంతి అలవాటైపోతుంది. ఆ సీజన్‌లో స్నెల్ ఒక్కసారి కూడా ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. టాంపా ఫైనల్‌దాకా వచ్చిందే పిచర్‌ని ముందే మార్చేసే ఈ పద్ధతిలో. పైగా 2003లో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ దీనికి సరిగ్గా ఉల్టా చేశాడు. యాంకీస్‌తో ఏడో గేమ్, 5-2 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలసిన పెడ్రో మార్టినెజ్‌నే కొనసాగించాడు. స్కోరు సమమైంది, చివరికి గేమూ పోయింది. లిటిల్‌ ఉద్యోగమూ పోయింది. ఉంచినా తిట్లే, తీసినా తిట్లే.

మన క్రికెట్‌లో బౌలర్ని ఆపినా రెండు ఓవర్ల తర్వాత మళ్లీ బంతి ఇవ్వొచ్చు. ఇక్కడ తీసేస్తే ఆ పిచర్ ఇక ఆ గేమ్‌లోకి రాడు. అందుకే ఎవర్ని తీశారన్న దానికంటే ఎవర్ని తెచ్చారన్నదే నేను ముందు చూస్తాను. క్యాష్ తెచ్చింది నిక్ ఆండర్సన్‌ని. అంతకుముందు వరసగా ఆరు గేముల్లో పరుగులిచ్చినవాడు! బెట్స్ డబుల్ (రెండో బేస్‌దాకా చేర్చే షాట్) కొట్టాడు, ఒక వైల్డ్ పిచ్‌కి (క్యాచర్‌కి చిక్కని బంతి) బార్న్స్ ఇంటికొచ్చి పరుగు చేశాడు, సీగర్ గ్రౌండర్‌కి (నేలమీద దొర్లే షాట్) బెట్స్ కూడా వచ్చేశాడు. డాడ్జర్స్‌కి 2-1 ఆధిక్యం.

గట్టున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు కాబట్టి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక రూల్ ఉంది. మేనేజర్ డగౌట్‌లోంచి బయటికొచ్చాక, తర్వాతి బంతి పడేలోపే మన మాట టైప్ చేయాలి. ఆ తర్వాత రాసింది చెల్లదు. రూల్ పెట్టాక గ్రూపులో సగం మంది మేధావులు మూగబోయారు. మీరూ ప్రయత్నించండి, మన తెలివి ఎంతో బాగా తెలుస్తుంది.

ఆ రాత్రి నేను "తీస్తే తీయనీ, ఆండర్సన్ మాత్రం వద్దు, ఫెయిర్‌బ్యాంక్స్‌ని తెమ్మనండి" అని పెట్టాను. మా టీమ్ లీడ్ "కరెక్ట్ పని" అని పెట్టాడు, ఓడిపోయాక కూడా మాట మార్చలేదు. ఆ నిజాయితీకి మాత్రం దండం పెట్టాలి. తర్వాత ఫెయిర్‌బ్యాంక్స్ రానే వచ్చాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెట్స్ అతని బంతినే హోమ్‌రన్‌గా బాదాడు, 3-1తో డాడ్జర్స్ కప్పు ఎత్తుకెళ్లారు. అయినా ఆరో ఇన్నింగ్స్‌లో ఆండర్సన్ వద్దన్న నా మాట నాదే. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం మా వాళ్లు ఇప్పటికీ అక్టోబర్ రాగానే బయటికి తీస్తారు.